పని లేని ప్రయాణం

(సికింద్రాబాదులో జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఈ రోజు మాట్లాడమన్న విషయం "స్త్రీల సంచార హక్కు". కార్యక్రమ పత్రంలో కూడా అలాగే వేశారు. నేను మాత్రం చాలా చిన్న విషయం తీసుకుని వచ్చాను. వచ్చే మే నెలలో మనలో కొందరం ఆరు రోజులు నేపాల్ వెళ్ళి పిట్టల్ని చూసి రావాలనుకుంటున్నాం. సదస్సు కాదు, శిక్షణా తరగతులు కావు, నిజనిర్ధారణ కమిటీ అంతకన్నా కాదు. ఉత్త పిట్టలు. నవ్వండి, ఫరవాలేదు, మా ఇళ్ళల్లో కూడా నవ్వారు. డిసెంబరులో పదకొండు మంది పేర్లిచ్చారు. ఇవాళ్టికి ఏడుగురం మిగిలాం. ఆ నలుగురు ఎందుకు తగ్గారో, మిగిలిన ఏడుగురం ఇళ్ళల్లో ఏమేం చెప్పుకున్నామో గమనిస్తూ వచ్చాను. పుస్తకాల్లోంచి ఏరి మీకు చెప్పగలిగిన దానికన్నా ఎక్కువే అందులో దొరికింది.

తగ్గినవాళ్ళలో ఒకరి కూతురికి మేలో పురుడు. ఇంకొకరు చీటీ డబ్బు మీద ఆశ పెట్టుకున్నారు, అది కొడుకు కాలేజీ ఫీజుకి పోయింది. మూడో ఆవిడ మీ అందరికీ తెలిసిన మనిషే, పేరు చెప్పను. కేసుల పని మీద అర్ధరాత్రి ఒంటరిగా పోలీసు స్టేషనుకి వెళ్ళి వచ్చిన మనిషి. ఆవిడ అన్నమాట ఇది: "ఇంట్లో చెప్పడానికి కారణం దొరకలేదు." ఢిల్లీ వెళ్ళారు, ఢాకా వెళ్ళారు, ఎప్పుడూ ఇంట్లో అడ్డు చెప్పలేదు. ఈసారి "అక్కడ ఏం మీటింగు?" అని అడిగారట. మీటింగేం లేదన్నారు. "మరెందుకూ?" అన్నారట. దానికి ఆవిడ దగ్గర జవాబు లేకపోయింది. నాలుగో ఆమె ఇంట్లోవాళ్ళు ఒప్పుకున్నా తానే మానుకుంది. బస్తీలో రేషన్ కార్డుల పని చేస్తూ, పిట్టల కోసం పై దేశం పోతున్నానంటే సిగ్గుగా ఉందంది. ఆ సిగ్గు సంగతి తరవాత మాట్లాడతాను, అది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు.

ఆడది గడప దాటడానికి మన సమాజం ఒప్పుకునే కారణాల జాబితా ఒకటుంది. పురుడు, పెళ్ళి, చావు, పుణ్యక్షేత్రం, ఆసుపత్రి. కూలి, ఉద్యోగం. ఈ జాబితాకి స్త్రీల ఉద్యమం కష్టపడి ఒకటి చేర్చింది, మీటింగు. ఇది చిన్న విజయం కాదు. 1995లో బీజింగు మహాసభకి వెళ్ళివచ్చిన మన పెద్దవాళ్ళను అడిగితే ఆ ప్రయాణానికి ముందు ఇంట్లో ఎన్ని రాయబారాలు నడిచాయో చెప్తారు. అయితే చేర్చినదేమిటో చూడండి, అది కూడా పనే. అందరి కోసం చేసే పని. జాబితా పొడుగు పెరిగిందే తప్ప, ఆడదాని ప్రయాణానికి ఒక కారణం ఉండి తీరాలన్న నియమం అలాగే ఉంది.

మన ప్రభుత్వ లెక్కల్లో కూడా ఇదే కనిపిస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో స్త్రీల సంచారం గురించి ఒక ప్రశ్న ఉంది. బజారుకి, ఆసుపత్రికి, ఊరి బయటికి ఒంటరిగా వెళ్ళనిస్తారా అని. 2019-21 సర్వేలో ఈ మూడింటికీ ఒంటరిగా వెళ్ళనిస్తారని చెప్పినవాళ్ళు నూటికి 42 మంది. ఆ సంఖ్యను మనం కరపత్రాల్లో చాలాసార్లు వాడుకున్నాం. నేను సోషియాలజీ చదివినదాన్ని కనుక నా కళ్ళు ప్రశ్న మీదికి పోతాయి. "వెళ్తారా" అని కాదు అడిగేది, "వెళ్ళనిస్తారా" అని. అడిగే చోట్లు కూడా బజారు, ఆసుపత్రి. చెరువు గట్టు మీదికి ఊరికే వెళ్ళి కూర్చుంటారా అని అడగాలని ఆ ప్రశ్నావళి రాసినవాళ్ళకు తోచలేదు. మాకు మాత్రం తోచిందా? ఇన్నేళ్ళ నా పరిశోధనలో నేనూ ఎవరినీ అడగలేదు.

ఒక ముచ్చట చెప్తాను. అనంతపురం వైపు వీరాపురం అనే ఊరికి ఏటా రంగుల కొంగలు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఊరివాళ్ళు వాటిని కొట్టరు, కొట్టనివ్వరు. పురుటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లల్లాంటివని చెప్పుకుంటారు. ఎంత చక్కటి మాట అని చాలాకాలం మురిసిపోయాను. ఈ మధ్య మళ్ళీ ఆలోచిస్తే, అంత దూరం రెక్కలతో ఎగిరి వచ్చిన పక్షికి కూడా మనం ఇవ్వగలిగిన గౌరవమైన కారణం పురుడేనన్నమాట!

పిట్టల్ని చూడ్డానికి మనకొచ్చే అసలు అడ్డంకి గడియారంలో ఉంది. పిట్టలు బాగా కనపడేది, వినపడేది తెల్లవారుఝామున అయిదున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా. మళ్ళీ సాయంత్రం పొద్దు వాలేటప్పుడు. ఇప్పుడు మీ మీ ఇళ్ళు గుర్తుచేసుకోండి. అయిదున్నరకి పాలు, నల్లా నీళ్ళు. ఆరున్నరకి టిఫిను. ఏడున్నరకి డబ్బాలు. సాయంత్రం పొద్దు వాలితే ఆడపిల్ల ఇంట్లో ఉండాలి. అంటే ప్రకృతిలో పిట్టల సమయం ఏదో, ఇంట్లో వంటింటి సమయం సరిగ్గా అదే. 2019లో జరిగిన జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని మీద ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు గడుపుతుంటే, ఆ పని చేసే మగవాళ్ళు 97 నిమిషాలు గడుపుతున్నారు. ఆ అయిదు గంటలు రోజులో ఎక్కడ పడతాయన్నది కూడా ముఖ్యం. ఆదివారం పొద్దున్నే అమీన్‌పూర్ చెరువు దగ్గర కెమెరాలతో నిలబడ్డవాళ్ళలో మగవాళ్ళే ఎందుకు ఎక్కువని అడిగితే, ఆడవాళ్ళకి ఆసక్తి తక్కువని ఒకాయన నాకు చెప్పాడు. ఆయన ఇంటి టిఫిను ఆ సమయానికి ఎవరు చేస్తున్నారని నేను అడగలేదు. అడగాల్సింది.

ఆసక్తి తక్కువన్నది చరిత్ర తెలియక అనే మాట. 1931-32లో సలీం అలీ మన నిజాం రాష్ట్రంలో ఊరూరా తిరిగి పక్షుల సర్వే చేశారు. ఆయన భార్య తెహ్మీనా ఆ శిబిరాల్లో ఆయనతోపాటు ఉన్నారు. సర్వే ఆయన పేరు మీద ఉంది. అడవిలో డేరాలు నడపడం, వచ్చేపోయేవాళ్ళకు వండించడం సర్వే కిందికి రాలేదు. 1889లో ఇంగ్లండులో పక్షుల రక్షణ సంఘాన్ని మొదలుపెట్టిన ఎమిలీ విలియంసన్ కూడా స్త్రీయే. టోపీల్లో ఈకలు పెట్టుకోవడం కోసం కొంగల్ని చంపుతుంటే అడ్డుకోవడానికి మొదలైన సంఘం అది. మన దేశంలో జమాల్ ఆరా అనే ఆవిడ ఛోటా నాగపూర్ అడవుల్లో తిరిగి పక్షుల మీద ఎన్నో శాస్త్రీయ వ్యాసాలు రాశారు. నేషనల్ బుక్ ట్రస్టు 1970లో ఆవిడ పుస్తకం వేసింది. ఆవిడ చదివింది పదో తరగతి దాకానే. ఈ పదో తరగతిని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇక్కడ ఒకటి దాచకుండా చెప్పాలి. అమెరికాకి చెందిన ఫీబీ స్నెట్‌సింగర్‌కి 1981లో క్యాన్సరు అని, ఎక్కువ కాలం బతకదని డాక్టర్లు చెప్పారు. ఆమె ఇంట్లో పడుకోకుండా దేశదేశాలు తిరిగి ఎనిమిది వేలకు పైగా రకాల పక్షుల్ని చూసింది. 1986లో పపువా న్యూగినీలో ఆమెపై సామూహిక అత్యాచారం జరిగింది. ఆ తరవాత కూడా తిరగడం మానలేదు. 1999లో మడగాస్కర్‌లో పక్షుల్ని చూడటానికి వెళ్తూ వాహనప్రమాదంలో పోయింది. ఆమె ధైర్యం గురించి ఉపన్యాసం ఇవ్వడం నాకు ఇష్టం లేదు. ఆమె కుటుంబానికి ఆ తిరుగుడు వల్ల కష్టం కలిగిన మాట కూడా నిజమే. కానీ "ఏమన్నా అయితే?" అని మా అత్తగారు అడిగినప్పుడు, ఏమీ కాదు అని నేను చెప్పలేదు. ఏమన్నా కావడం మారేడ్‌పల్లిలో కూడా అవుతుంది అన్నాను. ఆవిడ కాసేపు ఆలోచించి, అదీ నిజమేనమ్మా అన్నారు.

సరే, అమీన్‌పూర్ ఉండగా నేపాల్ ఎందుకు? ఈ ప్రశ్న మనవాళ్ళే వేశారు, న్యాయమైన ప్రశ్నే. మొదటి కారణం కాలం. శీతాకాలంలో మన చెరువులకు వచ్చిన వలస పక్షులు ఏప్రిల్ దాటితే ఉండవు. చెరువులు ఎండుతాయి. నేపాల్ కొండల్లో మే నెలలో పక్షులు గూళ్ళు కట్టే రోజులు, వానలు ఇంకా పట్టవు, కూతలు బాగా వినపడతాయి. రెండోది ఖర్చు. 1950 ఒప్పందం దగ్గర్నుంచీ మనకి అక్కడికి వీసా అక్కర్లేదు. 1993 నుంచీ మన వంద రూపాయలకు వాళ్ళ నూట అరవై. మూడో కారణమే అసలుది. అమీన్‌పూర్ వెళ్తే తొమ్మిదికల్లా ఇంటికి రావాలి. అనంతగిరి వెళ్తే మామగారికి బీపీ మాత్ర ఎక్కడుందని ఫోను వస్తుంది, రాత్రికి తిరిగొచ్చేస్తాం. పై దేశం అంటే మా లెక్కలో, పిలిస్తే వెంటనే రాలేనంత దూరం. అంతే. ఆరు రోజులు వాళ్ళే మాత్ర వెతుక్కోవాలి.

ఖాట్మండు నాకు కొత్త కాదు. మీలో చాలామందికీ కాదు. కమలా భసీన్ ఉండగా సంగత్ వాళ్ళ నెలరోజుల కోర్సులు చాలాసార్లు నేపాల్‌లోనే జరిగాయి, ఆ దేశం దక్షిణాసియా స్త్రీల ఉద్యమానికి ఉమ్మడి వసారా లాంటిది. నేను మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ చూసినవి హోటలు హాలు, తెల్లకాగితాల మీద రంగుపెన్నులతో రాసిన చార్టులు, చివరి రోజు పూసలదండల బజారు. కిటికీలోంచి రోజూ ఒక కూత వినపడేది. ఎవర్నడిగినా తెలియదు. ఉపసంఘం నివేదిక రాయాల్సి ఉండి నేనూ వదిలేశాను.

ఈసారి పోవాలనుకున్నది ఖాట్మండుకి దక్షిణాన ఉన్న గోదావరి. అవును, పేరు అదే. అక్కడ గోదావరి కుండం ఉంది, మన గోదావరితో దానికి సంబంధం ఉందని అక్కడివాళ్ళ నమ్మకం. మన పుష్కరాల్లాగే పన్నెండేళ్ళకోసారి అక్కడ మేళా జరుగుతుంది. పోయినసారి రెండూ 2015లోనే వచ్చాయి. కుండం దగ్గరే 1962లో పెట్టిన బొటానికల్ గార్డెన్. దాని వెనకనే ఫుల్చోకీ కొండ, ఎత్తు రెండువేల ఏడువందల మీటర్లకు పైన. నేపాల్ మొత్తం మీద ఎనిమిది వందల ఎనభైకి పైగా రకాల పక్షులున్నాయి. వాటిలో నేపాల్‌లో తప్ప ఇంకెక్కడా కనపడనిది ఒక్కటే, స్పైనీ బాబ్లర్, వాళ్ళ భాషలో కాండే భ్యాకుర్. ఫుల్చోకీ కింది వాలులో పొదల్లో ఉంటుంది. 1836లో హాడ్జ్‌సన్ అనే ఇంగ్లీషు దొర దాన్ని మొదట వర్ణించాడు. తమాషా ఏమిటంటే, ఖాట్మండు లోయ దాటి స్వేచ్ఛగా తిరగడానికి నేపాల్ దర్బారు ఆయనకు అనుమతి ఇవ్వలేదు. వేటగాళ్ళు తెచ్చిచ్చినవి చూసి రాసుకున్నాడు. ఆ తరవాత దాదాపు నూరేళ్ళు ఆ పిట్ట ఎవరికీ కనపడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1948-49లో రిప్లీ అనే అమెరికన్ మళ్ళీ చూశాడు. అది మామూలు బూడిద గోధుమరంగు పిట్ట. మన సికింద్రాబాదు చెట్లకింద గుంపుగా గోల చేస్తూ తిరిగే పిట్టలకు చుట్టమే. ఆ మన పిట్టల్ని హిందీలో సాత్ భాయీ అంటారు, ఏడుగురన్నదమ్ములు. ఇంగ్లీషులో అవే సెవెన్ సిస్టర్స్. గోల ఎక్కువ చేస్తాయి కనుక అక్కచెల్లెళ్ళని చేశారేమో. మేమూ ఏడుగురమే.

ఇక చట్టం. పై దేశం వెళ్ళడం పౌరుల వ్యక్తి స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 1967లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో అంది. 1977లో మేనకా గాంధీ పాస్‌పోర్టును "ప్రజాప్రయోజనం" పేరుతో స్వాధీనం చేసుకుని, కారణం చెప్పం అన్నారు. 1978 జనవరి తీర్పులో కోర్టు, వ్యక్తి స్వేచ్ఛకు అడ్డుపడే పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండాలంది. ఈ కేసు మనం 21వ అధికరణం పాఠంలో ఎన్నిసార్లు చెప్పామో. నాకు ఇప్పుడు కనిపిస్తున్నదేమిటంటే, అందులో కారణం చెప్పవలసింది ఆపేవాళ్ళు. వెళ్ళేవాళ్ళు కాదు. మన ఇళ్ళల్లో ఇది తలకిందులుగా నడుస్తోంది.

కాగితాల్లో కూడా భర్త నీడ పోవడానికి చాలాకాలం పట్టింది. 2016 డిసెంబరులో నిబంధనలు మార్చి, తల్లి పేరో తండ్రి పేరో ఒక్కటి చాలన్నారు. విడాకులైన స్త్రీ భర్త పేరు ఇవ్వక్కర్లేదన్నారు. పెళ్ళి ధ్రువపత్రం అడగడం మానేశారు. అయినా 2025 జూన్‌లో కూడా ఒక భార్య, పాస్‌పోర్టుకు భర్త సంతకం ఎందుకని మద్రాసు హైకోర్టుకు వెళ్ళాల్సొచ్చింది. అక్కర్లేదని కోర్టు చెప్పింది. 2025లో!

ఇప్పుడు ఆ నాలుగో మిత్రురాలి సిగ్గు దగ్గరికి వస్తాను. పాస్‌పోర్టు సేవా కేంద్రాలు రాకముందు నేను రీసెర్చి స్కాలరుగా ఉన్నప్పుడు సికింద్రాబాదు పాస్‌పోర్టు ఆఫీసు ముందు క్యూలో నిలబడ్డాను. నా ముందూ వెనకా ఉన్నవాళ్ళలో కడప జిల్లా నుంచి, గోదావరి జిల్లాల నుంచి రాత్రి రైలుకి వచ్చిన ఆడవాళ్ళు ఉన్నారు. కువైట్‌లో ఇంటిపనికి పోవడానికి. ఒకే కిటికీ, ఒకే ఫారం. కానీ పదో తరగతి పాసు కాకపోతే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద పాస్‌పోర్టు మీద "వలస తనిఖీ అవసరం" అని పడుతుంది. ముప్ఫై ఏళ్ళు నిండని ఆడది ఇంటిపనికి గల్ఫ్ పోకూడదని నియమం. రక్షణ కోసమే అన్నారు. ఆపేసినందువల్ల పోవడం ఆగలేదు, ఏజెంట్ల దొంగదారి ఖరీదు పెరిగింది. 2021లో నేపాల్ అధికారులు కూడా నలభై ఏళ్ళలోపు ఆడది మొదటిసారి గల్ఫ్‌కో ఆఫ్రికాకో పోవాలంటే ఇంటివాళ్ళ, వార్డు ఆఫీసు అంగీకారం తేవాలని ప్రతిపాదించారు. అక్కడి స్త్రీలు వీధుల్లోకి వచ్చారు. నాకు పదో తరగతి దాటిన చదువుంది కనుక నన్నెవరూ రక్షించలేదు. జమాల్ ఆరా చదువు ఇంకొక్క తరగతి తక్కువై ఉంటే ఆవిడకీ ఆ ముద్రే పడేదన్నమాట.

మా ఏడుగురిలో ఒకామె రాజంపేట దగ్గర్నుంచి వచ్చినావిడ. తొమ్మిదేళ్ళు కువైట్‌లో వంటమనిషిగా చేసింది. ఇప్పుడు మన ఆఫీసుకు దగ్గర్లోనే మెస్సు నడుపుతోంది. ఆమెను రమ్మని అడగడానికి నేనే సందేహించాను. ఆమె పడ్డ పై దేశం ముందు మా పిట్టల పై దేశం పెట్టడం ఎగతాళిలా ఉంటుందేమోనని. అంతా విని ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "ఈ తడవ పాస్‌పోట్టు ఎవురికాడ ఉంటాదక్కా?" అక్కడ యజమాని బీరువాలో ఉండేదట. తొమ్మిదేళ్ళలో ఆమె చూసిన పిట్టలు, బాల్కనీలో ఏసీ పెట్టె వెనక గూడు పెట్టిన పావురాలు. రెట్ట కడగడం కూడా ఆమె పనే. ఎవరి దగ్గరా ఉండదు, నీ సంచీలోనే ఉంటుంది అన్నాను. సరే అంది. మేమందరం కలిసి ఆమె ఖర్చు పెట్టుకుంటామంటే కోపం చేసింది. సగం నేనే పెట్టుకుంటా, సగం మెస్సు బాకీలో కొట్టేసుకోండి అంది. మనలో కొందరి బాకీలు నిజంగానే ఉన్నాయి.

అందువల్ల సిగ్గుపడిన మిత్రురాలికి నా మనవి ఇది. కష్టానికి మాత్రమే పై దేశం పోవాలి అనుకుంటే, ఆ నియమం మొదట కొట్టేది ఈమెనే. మనం మానుకున్నందువల్ల ఆమెకు ఒరిగేదేమీ లేదు. డబ్బు లేక రాలేనివాళ్ళ సంగతి వేరు. దానికి నా దగ్గర జవాబు లేదు, చీటీ ఒకటి పెట్టుకుందాం అన్న ఆలోచన తప్ప.

ఇంకొక గొడవ తేలలేదు. పోయిన సమావేశంలో ఒక ప్రతిపాదన వచ్చింది. ఎలాగూ వెళ్తున్నాం కనుక ఒకరోజు అక్కడి స్త్రీల సంఘాలతో అనుభవాల మార్పిడి పెట్టుకుంటే, తిరిగొచ్చాక నివేదిక రాయవచ్చు, ఇళ్ళల్లో చెప్పుకోవడానికీ బావుంటుంది అని. ముగ్గురు అటు, ముగ్గురు ఇటు. మెస్సు నడిపే ఆమె ఏమీ చెప్పలేదు. నేను వద్దంటున్నాను. ఆ సంఘాల మీద గౌరవం లేక కాదు. ఆ ఒక్కరోజు పెట్టుకుంటే ఇంట్లో చెప్పేది ఆ ఒక్కరోజు గురించే, మిగిలిన అయిదు రోజులూ దాని చాటున దొంగతనంగా చూసే పిట్టలవుతాయి. మా ఇంట్లో నేను "ఊరికే" అనే చెప్పాను. మూడు రోజులు మాటల్లేవు. నాలుగో రోజు మా ఆయన ఆవకాయ ఎవరు పెడతారని అడిగారు. అంటే ఒప్పుకున్నట్టే. ఈ ఏడు కొనుక్కుందాం అన్నాను.

ఖాట్మండు హోటలు కిటికీలోంచి విన్న ఆ కూత సంగతి ఈ మధ్య తెలిసింది. ఇండియన్ కుకూ, కోకిల జాతిదే. నాలుగు స్వరాలు. నేపాలీలు దాన్ని "కాఫల్ పాక్యో" అని వింటారు, కాఫల్ పండ్లు పండాయి అని. కుమావూఁ కొండల్లో దీని మీద ఒక కథ చెప్పుకుంటారు. తల్లి అడవి నుంచి బుట్టెడు కాఫల్ పండ్లు తెచ్చి, కాపలాగా కూతుర్ని కూర్చోబెట్టి, ముట్టుకోవద్దని చెప్పి పనికి పోయింది. ఎండకు పండ్లు వాడి బుట్ట సగమైంది. తిరిగొచ్చిన తల్లి, తిన్నావని కొట్టింది. ఆకలితో ఉన్న పిల్ల ఆ దెబ్బకే పోయింది. సాయంత్రం చల్లబడ్డాక పండ్లు ఉబ్బి బుట్ట మళ్ళీ నిండింది. ఆ పిల్లే పిట్టయి, పండ్లు పండాయి, నేను రుచి చూడలేదు అని ఏటా వేసవిలో అరుస్తుందట. మేలో ఫుల్చోకీ మీద అది అరుస్తూ ఉంటుంది.

చివరగా, వచ్చేవాళ్ళకు కొన్ని మాటలు. దుర్భిణులు నాలుగే ఉన్నాయి, ఇద్దరికొకటి. కంటోన్మెంటు రోడ్ల మీద వాటితో అలవాటు చేసుకోవద్దు, ఇప్పటికే ఒకసారి సెంట్రీకి సంజాయిషీ చెప్పుకున్నాం. ఫుల్చోకీ మీదికి విడివిడిగా వెళ్ళవద్దని అక్కడి గైడు ఫోనులో మరీ మరీ చెప్పాడు. పైన మరుగుదొడ్లు ఉంటాయని నమ్ముకోవద్దు. పాస్‌పోర్టు లేనివాళ్ళకు ఓటరు కార్డు చాలు, ఆధారు పనికిరాదు. కార్డులో పేరు, టిక్కెట్టులో పేరు ఒకటే అయ్యుండాలి, ఇంటిపేరు ముందా వెనకా అన్నది కూడా చూసుకోండి. మన మెస్సు ఆమె పాస్‌పోర్టు గడువు తీరింది కనుక మొన్న ఆమె ఓటరు కార్డు తీసి చూశాం. ఎప్పుడో వదిలేసిపోయిన భర్త పేరు ఒక్క తప్పు లేకుండా ఉంది. ఆమె పేరులోనే ఒక అక్షరం పోయింది. ఫారం 8 నింపి ఇచ్చాం. ఏప్రిల్ లోపల కొత్త కార్డు రావాలి.